తేదీకి అటూ ఇటూ పడిన పిల్లలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"రిటైరయ్యాక ఏం చేస్తున్నారో నాలుగు మాటలు చెప్పండి" అని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను చేస్తున్నది పెద్ద పనేమీ కాదు. మా వీధిలో కంప్యూటర్ నెట్‌వర్కింగ్ చదువుకునే పిల్లలకు, సిలబస్ మారినప్పుడు పాతదాని నుంచి కొత్తదానికి దాటడంలో కాస్త సాయపడుతున్నాను. ఆ పనిలో నేను చేసిన ఒక పొరపాటు, నేర్చుకున్న ఒక పద్ధతి మీ ముందు ఉంచుతాను. భోజనాల వేళ దగ్గరపడుతోంది కనుక క్లుప్తంగానే చెబుతాను.

ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1979 మార్చి 31 అనే తేదీని గీతగా గీసి, గీతకు ఇవతల రిటైరైన వారికి మెరుగైన పెన్షను, అవతల రిటైరైన వారికి పాత పెన్షను అంటూ ఒకే జాతి మనుషులను రెండు ముక్కలు చేయడం న్యాయం కాదన్నది. కటాఫ్ తేదీ అంటే ఏమిటో, దానికి అవతలి పక్కన పడితే మనిషికి ఎలా ఉంటుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? చదువుకునే పిల్లలకూ అలాంటి తేదీలు వస్తాయి. వాళ్ల తరఫున కోర్టుకు వెళ్లే సంఘాలు మాత్రం ఉండవు.

సి.సి.ఎన్.ఎ. అనే పేరు మీ ఇళ్లలో కూడా వినే ఉంటారు. అది సిస్కో కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్టు. నెట్‌వర్కు ఉద్యోగాలకు చాలామందికి అదే మొదటి మెట్టు. 2020కి ముందు ఆ పరీక్షను ఒకేసారి రాయవచ్చు, లేదా రెండు భాగాలుగా రాయవచ్చు. చేతిలో డబ్బు, మనసులో ధైర్యం తక్కువగా ఉన్నవారు రెండు భాగాల దారి పట్టేవారు. 2019 జూన్‌లో కంపెనీ మార్పు ప్రకటించింది. పాత పరీక్షలకు 2020 ఫిబ్రవరి 23 ఆఖరు రోజు. 24వ తేదీ నుంచి 200-301 అనే నంబరుతో ఒకే పరీక్ష. మొదటి భాగం పాసై రెండోది రాయలేకపోయినవారికి, కొత్త పరీక్షలో ఆ సగానికి ఏ మినహాయింపూ లేదు. ఎనిమిది నెలల గడువు ఇచ్చిన మాట నిజమే. కానీ ఆ సంగతి అందరి చెవినా పడలేదు. పడినవారందరి దగ్గరా ఫీజు డబ్బు లేదు.

మా ఎదురింటి కుర్రాడు సరిగ్గా అక్కడ చిక్కుకున్నాడు. తండ్రిది చిన్న టైలరింగ్ షాపు. అబ్బాయి 2019లో మొదటి భాగం పాసయ్యాడు. రెండోదానికి డబ్బు సమకూడేసరికి ఫిబ్రవరి 23 దాటిపోయింది. అతను చదివిన కోచింగ్ సెంటరులో అడిగితే, "పాతది పనికిరాదు, కొత్త బ్యాచ్‌లో మొదటి నుంచి చేరు, పూర్తి ఫీజు కట్టు" అన్నారు. మార్చి మొదటి వారంలో పుస్తకాల మూట పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "బాబాయ్ గారూ, మీరు టెలిఫోన్స్‌లో పనిచేశారు కదా, ఇదంతా వృథా అయినట్టేనా?" అని అడిగాడు.

నేనప్పటికి ఇంట్లో కూర్చుని నెల రోజులైంది. 2020 జనవరి 31న, ఒక్క రోజే, బి.ఎస్.ఎన్.ఎల్. నుంచి 78 వేల మందికి పైగా స్వచ్ఛంద పదవీ విరమణ చేశాం. ఈ హాలులో ఆ రోజు వాళ్లం చాలామందిమి ఉన్నాం. ఉదయం లేస్తే ఎక్కడికి వెళ్లాలో తెలియని రోజులు అవి. పిల్లవాడు వచ్చి పాఠం చెప్పమంటే నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ పాత పుస్తకాలే తెరిచి మొదలుపెట్టాను. ఇ.ఐ.జి.ఆర్.పి. చెప్పాను. పి.పి.పి. చెప్పాను. అవి నాకు బాగా వచ్చిన పాఠాలు. మూడు వారాలు చెప్పాను. లాక్‌డౌన్ వచ్చాక ఫోనులో కూడా చెప్పాను.

ఒక రోజు ఆ అబ్బాయి కొత్త సిలబస్ కాగితం ఫోటో తీసి పంపాడు. చూస్తే ఆ రెండు పాఠాలూ అందులో లేవు. "ముందే చెప్పవచ్చు కదరా" అన్నాను. "మీరు అంత ఇష్టంగా చెబుతుంటే ఎలా చెప్పను బాబాయ్ గారూ" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక ఫీజు పోయి, తేదీ పోయి, దిగులుతో ఉన్న పిల్లవాడి దగ్గర ఇంకో మూడు వారాలు నేను తీసుకున్నాను. అతనికి కావలసింది చెప్పలేదు, నాకు వచ్చింది చెప్పాను.

అప్పుడు నాకు మన పాత ట్రైనింగు గుర్తుకొచ్చింది. మనలో చాలామందిమి స్ట్రౌజర్ ఎక్స్ఛేంజీల్లో రిలేలు, సెలెక్టర్లు శుభ్రం చేస్తూ పని నేర్చుకున్నవాళ్లం. ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి వస్తుందనగానే "ఇక మన పని అయిపోయింది" అని దిగులుపడ్డాం. నేను వెళ్లిన ట్రైనింగు క్లాసులో మొదటి రోజు మా ఇన్‌స్ట్రక్టరు గారు కొత్త సంగతి ఒక్కటీ చెప్పలేదు. బోర్డు మీద మూడు నిలువు గడులు గీశారు. ఉన్నవి, పోయినవి, వచ్చినవి. "చెప్పండి, ఏవి మారలేదు?" అని మమ్మల్నే అడిగారు. 48 వోల్టుల బ్యాటరీ మారలేదు. ఎం.డి.ఎఫ్. మారలేదు. డయల్ టోన్, బిజీ టోన్, ట్రంకు, మీటరింగు, ట్రాఫిక్ లెక్క, ఏదీ మారలేదు. మధ్యలో కాల్‌ను కలిపే పద్ధతి మారింది. మొదటి గడి నిండేసరికి మా భయం సగం తగ్గింది.

మర్నాడే ఆ అబ్బాయి చేత అదే పని చేయించాను. పాత సిలబస్, కొత్త సిలబస్ పక్కపక్కన పెట్టి ఒక్కొక్క అంశాన్నీ గడుల్లోకి ఎక్కించాం.

ఉన్నవి: ఐ.పి. అడ్రసులు, సబ్‌నెట్టింగు, ఐ.పి.వి.6, వీలాన్లు, స్పానింగ్ ట్రీ, ఈథర్‌ఛానెల్, స్టాటిక్ రూటింగు, ఓ.ఎస్.పి.ఎఫ్., డి.హెచ్.సి.పి., నాట్, యాక్సెస్ లిస్టులు.

పోయినవి: రిప్, ఇ.ఐ.జి.ఆర్.పి., పి.పి.పి. పోయినవంటే లోకంలో పనికిరానివని కాదు. ఉదాహరణకు ఇ.ఐ.జి.ఆర్.పి. పై స్థాయి పరీక్షలో ఉంది. ఇప్పటి పరీక్షకు అక్కర్లేదు, అంతే.

వచ్చినవి: వైర్‌లెస్ కంట్రోలర్ల సంగతి పెరిగింది, డబ్ల్యు.పి.ఎ.3 వచ్చింది. నెట్‌వర్కు అంతటినీ ఒక కంట్రోలర్ నుంచి నడిపే పద్ధతి, రెస్ట్ ఎ.పి.ఐ., జేసన్, అంటే ఆటోమేషన్ పాఠాలు.

తర్వాత మార్కుల వాటా చూశాం. నెట్‌వర్కు మూలాంశాలకు 20 శాతం, నెట్‌వర్కు యాక్సెస్‌కు 20, ఐ.పి. కనెక్టివిటీకి 25, ఐ.పి. సర్వీసులకు 10, భద్రతకు 15, ఆటోమేషన్‌కు 10. మొదటి మూడూ కలిపితే 65. అందులో వైర్‌లెస్ వంటి కొత్తవి కొన్ని ఉన్నా, చాలా భాగం అతను చదివినదీ, చదువుతున్నదే. "పాతది పనికిరాదు" అన్న మాట నిజం కాదని కాగితం మీదే తేలింది. మొదటి నుంచి మొదలుపెట్టవలసిన అవసరం లేదు. ఆ గడులు నింపిన రోజున అతని ముఖం చూడాలి మీరు.

కొత్త గడిలోని ఆటోమేషన్ నాకూ తెలియదు. ఇద్దరం విద్యార్థులుగానే కూర్చున్నాం. ప్రాక్టికల్స్ సిస్కో అకాడమీ ఉచితంగా ఇచ్చే ప్యాకెట్ ట్రేసర్ సాఫ్ట్‌వేరులో చేశాం. జేసన్ నాకంటే ముందు అతనికే అర్థమైంది. అబ్బాయి 2021లో పరీక్ష పాసయ్యాడు, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. అతనితో కలిసి మొదటి భాగం పాసైన ఒక అమ్మాయి కూడా ఉంది. ఆమెకు కూడా "మొదటి నుంచి" అనే చెప్పారట. ఆమె చదువు అక్కడితో మానేసింది. ఆమె సంగతి నాకు తెలిసేసరికి ఏడాది దాటింది. తెలివి తక్కువై కాదు, పక్కన కూర్చుని మూడు గడులు గీసేవారు లేక మానేసింది.

ఇంకొక సంగతి జాగ్రత్తగా గమనించండి. పేర్లు, నంబర్లు చూసి మోసపోకూడదు. సిస్కో అకాడమీలో పాత పద్ధతిలో నాలుగు కోర్సులు, కొత్తదానిలో మూడు. పాతవాటిలో రెండు పూర్తిచేసిన విద్యార్థి "ఇక నాకు కొత్త మూడోదే కదా మిగిలింది" అనుకుంటాడు. స్పానింగ్ ట్రీ, ఈథర్‌ఛానెల్ పాతదానిలో మూడో కోర్సులో ఉండేవి, కొత్తదానిలో రెండో కోర్సులోకి వచ్చాయి. యాక్సెస్ లిస్టులు, నాట్ పాతదానిలో రెండోదానిలో ఉండేవి, ఇప్పుడు మూడోదానిలో ఉన్నాయి. నేరుగా దూకిన పిల్లవాడికి చదివినదే మళ్లీ వస్తుంది, చదవనిది తప్పిపోతుంది. అంశం అంశంగా పోల్చడం తప్ప దీనికి వేరే దారి లేదు.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లోనూ ఇదే తంతు. హాజరు చాలకో, జబ్బు చేసో ఏడాది పోయిన పిల్లవాడు మళ్లీ చేరేసరికి రెగ్యులేషన్ మారి ఉంటుంది. ఏ సబ్జెక్టుకు ఏది సమానం, ఏది అదనంగా రాయాలి అన్నది కాలేజీ నుంచి రాతపూర్వకంగా తీసుకోమని చెప్పండి. నోటిమాట మీద సెమిస్టరు గడపవద్దని చెప్పండి. సర్వీసు రిజిస్టరులో ఎంట్రీ లేకపోతే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

ఈ మార్పులు ఆగేవి కావు. 2024 ఆగస్టులో అదే 200-301 పరీక్షలో మళ్లీ కొన్ని మార్పులు చేశారు. పప్పెట్, షెఫ్ అనే పనిముట్ల స్థానంలో టెర్రాఫామ్ వచ్చింది, కృత్రిమ మేధ ప్రస్తావన చేరింది. కనుక పిల్లవాడు మీ దగ్గరకు రాగానే పాఠం మొదలుపెట్టకండి. ముందు పరీక్ష తేదీ, దాని ఆఖరు తేదీ అడగండి. పాత, కొత్త సిలబస్‌లు రెండూ తెప్పించండి. సర్టిఫికెట్టు చూసి ఊరుకోకుండా, ఒక సబ్‌నెట్టింగు లెక్క ఇచ్చి అతనికి నిజంగా ఎంత వచ్చో చూడండి. ఆ తర్వాత మూడు గడులు గీయండి. రెండో గడిలో పడిన మన ఇష్టమైన పాఠాన్ని మనమే వదులుకోవాలి. అది కొంచెం కష్టమే, అనుభవం మీద చెబుతున్నాను.

మన సంఘం గది ఆదివారాలు ఖాళీగానే ఉంటోంది. అధ్యక్షులవారు అనుమతిస్తే ఒక బోర్డు, రెండు బల్లలు, ఒక పాత స్విచ్చి పెట్టుకుని వారానికి రెండు గంటలు కూర్చుందాం. ట్రాన్స్‌మిషన్ వాళ్లు, ఎక్స్ఛేంజి వాళ్లు, ఎవరు వచ్చినా సరే. మానేసిన ఆ అమ్మాయి ఇంటి అడ్రసు సంపాదించాను. ఆమెకు ఇప్పటికీ ఆసక్తి ఉంటే, మొదటి ఆదివారం మొదటి కుర్చీ ఆమెకే కేటాయిద్దామని నా మనవి.