కువైటు ఎటు వైపు ఉంది?



మనుబోలులో నిలబడి సముద్రం ఎటు అని అడిగితే చిన్నపిల్లాడైనా తూర్పుకు చెయ్యి చూపిస్తాడు. నెల్లూరు ఎటు అంటే ఉత్తరం. గూడూరు, మద్రాసు ఎటు అంటే దక్షిణం. రైలు ఎటు పోతుందో, పెద్ద రోడ్డు ఎటు పోతుందో అందరికీ తెలుసు. మరి కువైటు ఎటు?

ఈ ప్రశ్నకు చాలామంది చెయ్యి గాలిలోనే ఆగిపోతుంది. కొందరు సముద్రం వైపు చూపిస్తారు. సముద్రం దాటి పోవాలి గదా అని వాళ్ళ లెక్క.

ఆ లెక్క తప్పు. మన సముద్రం బంగాళాఖాతం. అందులో పడవ ఎక్కి తూర్పుకు పోతే అండమాన్ దీవులు వస్తాయి. అవి దాటితే బర్మా, మలేషియా వస్తాయి. పూర్వం తెలుగువాళ్ళు కూలికి రంగం పోయారని పెద్దవాళ్ళు చెబుతారు. రంగం అంటే బర్మాలోని రంగూన్. అది తూర్పు దారి.

కువైటు దారి పడమర దారి. పొద్దు గుంకే వైపు తిరిగి, కాస్త ఉత్తరానికి జరిగి చూడాలి. కడప జిల్లా మీదుగా, కర్ణాటక మీదుగా పోయి, అవతల అరేబియా సముద్రం దాటాలి. మద్రాసులో విమానం ఎక్కితే కువైటు సుమారు 3,800 కిలోమీటర్లు. మనుబోలు నుంచి మద్రాసు నూటయాభై కిలోమీటర్లు అటూ ఇటూగా ఉంటుంది. అట్టాంటి దూరం పాతిక సార్లు పోతే ఎంతో, అంత దూరం. నేరుగా పోయే విమానానికి సుమారు ఐదు గంటలు పడుతుంది.

"దూరం తెలుసుకుని ఏం చేస్తాం? తీసుకుపోయేవాడికి తెలిస్తే చాలదా?" అని అడుగుతారు. చాలదు. ఎందుకు చాలదో చూడండి.

నెల్లూరు జిల్లా నుంచి, పక్కనున్న కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎంతోమంది ఆడవాళ్ళు ఇళ్ళలో పనికి గల్ఫ్ దేశాలకు పోయారు. ఇప్పుడూ పోతున్నారు. అప్పు తీర్చడానికి ఒకరు, కూతురి పెళ్ళికి ఒకరు, ఇంటి మీద స్లాబు వేసుకోవడానికి ఒకరు. బాగుపడి వచ్చినవాళ్ళు ఉన్నారు. ఏడ్చుకుంటూ వచ్చినవాళ్ళూ ఉన్నారు. పోవద్దు అని చెప్పడానికి కాదు ఈ మాటలు. పోయే మనిషికి తాను పోయే చోటు తెలిసి ఉండాలి.

మన పల్లెల్లో గల్ఫ్ అంతటినీ కలిపి కొందరు కువైటు అంటారు, కొందరు దుబాయి అంటారు. అవి ఒకటి కావు. కువైటు ఒక దేశం. సౌదీ ఒక దేశం. ఖతార్ ఒకటి, బహ్రెయిన్ ఒకటి. మస్కట్ అనేది దేశం కాదు, ఒమన్ దేశానికి రాజధాని. దుబాయి కూడా దేశం కాదు. యూఏఈ అనే దేశంలో ఏడు రాజ్యాలు కలిసి ఉన్నాయి, వాటిలో దుబాయి ఒకటి. ఒక్కో దేశానికి ఒక్కో చట్టం, ఒక్కో డబ్బు, ఒక్కో పోలీసు. కువైటు వీసాతో సౌదీలో పనిచేస్తే అది దొంగపని కిందికి వస్తుంది. "ముందు మస్కట్‌లో దిగు, ఆడనుంచి కువైటుకు పంపిస్తాం" అని ఏజెంటు చెబితే మన ఆడమనిషి తల ఊపుతుంది. గూడూరులో దిగి బస్సు మారినట్టే అనుకుంటుంది. మస్కట్‌కూ కువైటుకూ నడుమ వేరే దేశాలున్నాయి. వెయ్యి కిలోమీటర్ల పైన దూరం ఉంది.

కువైటు చిన్న దేశం. విడిపోక ముందు మన నెల్లూరు జిల్లా 13 వేల చదరపు కిలోమీటర్లు. కువైటు దేశమంతా కలిపి 17,800. ఒక్క నది లేదు. సముద్రపు ఉప్పునీళ్ళను పెద్ద యంత్రాలతో మంచినీళ్ళుగా మార్చి తాగుతారు. మన పెన్న చూసిన కళ్ళకు ఆ ఇసుక వింతగా ఉంటుంది. ఎండ ఎంతంటే, 2016 జూలైలో ఆ దేశంలో ఒకచోట 53.9 డిగ్రీలు నమోదయింది. మన రోహిణి కార్తె దాని ముందు చల్లనే. చలికాలం రాత్రుళ్ళు మాత్రం వణికిస్తాయి. అందుకని పెట్టెలో ఒక స్వెట్టర్ పెట్టుకోవాలి. ఈ మాట ఎవరూ చెప్పరు.

1938లో అక్కడ భూమిలో చమురు కనిపించింది. దాంతో ఆ దేశం దశ తిరిగింది. ఒక ముచ్చట వినండి. 1961 దాకా కువైటులో చెల్లింది రూపాయే! ఆ ఏడు వాళ్ళు సొంతంగా దినారు తెచ్చుకున్నారు. ఇప్పుడు ఒక దినారుకు రెండు వందల యాభై రూపాయలకు పైనే వస్తుంది.

కువైటుకు ఒక పక్క ఇరాకు, ఒక పక్క సౌదీ ఉన్నాయి. 1990 ఆగస్టులో ఇరాకు సైన్యం కువైటును ఆక్రమించింది. అప్పుడు సుమారు లక్షా డెబ్బై వేలమంది మనదేశస్తులను వెనక్కి తెచ్చారు. చాలామంది ముందు రోడ్డు మీద జోర్డాను దేశం చేరారు. అక్కడి అమ్మాన్ నగరంలో మన విమానాలు ఎక్కారు. పక్క దేశం పేరు తెలిసి ఉండటం కూడా ఒక్కోసారి అక్కరకొస్తుంది.

ఇప్పుడు గడియారం సంగతి. "ఫోన్ చేస్తే మా బిడ్డ ఇంకా నిద్రలోనే ఉంటుంది, ఎందుకని?" అని తల్లులు అడుగుతారు. ఒక కడవ తీసుకోండి. కుడిపక్క సున్నంతో ఒక చుక్క పెట్టండి. అది మనుబోలు. దానికి ఎడమపక్క కాస్త దూరంగా ఇంకో చుక్క పెట్టండి. అది కువైటు. ఎదురుగా దీపం పెట్టి, కడవను ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పండి. ముందు మనుబోలు చుక్క వెలుగులోకి వస్తుంది. తరవాత కువైటు చుక్క వస్తుంది. భూమి అట్టనే తిరుగుతుంది. అందుకే మనకు ముందు తెల్లారుతుంది. కువైటు గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక ఉంటుంది. ఇక్కడ తెల్లవారి ఐదున్నర అయితే అక్కడ మూడు గంటలే. దుబాయి, మస్కట్ గంటన్నర వెనక. సింగపూరు తూర్పున ఉంది కాబట్టి రెండున్నర గంటలు ముందు.

ఇంకో సంగతి ఉంది. కష్టపడి చదువు నేర్చుకున్న మనిషి విమానం దిగగానే మళ్ళీ చదువురాని మనిషి అవుతుంది. అక్కడ అరబ్బీ రాత. కుడి నుంచి ఎడమకు రాస్తారు. అంకెలు కూడా వేరు. వాళ్ళ అయిదు మన సున్నలాగా ఉంటుంది. వాళ్ళ సున్న ఒట్టి చుక్క. జీతం కాగితం మీద ఒక చుక్క ఉంటే అది మరకో సున్నో తెలియాలి. ఆ రెండు అంకెలైనా ఇక్కడే నేర్చుకుని పోవాలి.

ఫోన్ నంబర్లు కూడా ఊరు చెబుతాయి. మనదేశం నంబరు ముందు 91 ఉంటుంది. కువైటుకు 965. సౌదీకి 966. ఒమన్‌కు 968. యూఏఈకి 971. బహ్రెయిన్‌కు 973. ఖతార్‌కు 974. ఒక తల్లి ఉందనుకోండి. కూతురు కువైటులో ఉందని ఏజెంటు చెప్పాడు. కూతురు వేరే వాళ్ళ ఫోన్ అడుక్కుని రెండు నిమిషాలు మాట్లాడింది. ఫోన్‌లో వచ్చిన నంబరు 968తో మొదలైంది. చదువురాని తల్లి అయితే బిడ్డ గొంతు విన్నానని సంతోషపడి ఊరుకుంటుంది. అంకెలు వచ్చిన తల్లి అడుగుతుంది, "కువైటు అంటివి గదా నాయనా, ఇది ఒమన్ నంబరు. నా బిడ్డ యాడుంది?" అని. ఆ నంబరు కాగితం మీద రాసుకుని పోలీసు స్టేషనుకు పోగలదు. ఏ దేశంలోని మన ఎంబసీకి చెప్పుకోవాలో ఆమెకు తెలుస్తుంది. ఎంబసీ అంటే ఆ దేశంలో మన ప్రభుత్వ కార్యాలయం. కువైటు ఎంబసీ వాళ్ళు ఒమన్‌లో ఉన్న బిడ్డను తెచ్చి ఇవ్వలేరు గదా.

పోయేముందు కాగితాలు చూసుకోవాలి. వీసా మీద దేశం పేరు చూడాలి. టికెట్ మీద ఊరి పేరు చూడాలి. రెండూ కలవాలి. కువైటులో ఇంటి పనికి ఇచ్చేది 20 నంబరు వీసా. కంపెనీ పనికి ఇచ్చేది 18 నంబరు. విజిట్ వీసా అంటే చూసి రావడానికి ఇచ్చేది. దాని మీద పని చేయకూడదు. పదో తరగతి పాసు కానివాళ్ళు పనికి గల్ఫ్ పోవాలంటే మన ప్రభుత్వం అనుమతి కావాలి. ఇంటి పనికి పోయే ఆడమనిషికి 30 ఏళ్ళు నిండితేనే ఆ అనుమతి ఇస్తారు. వయసు పెంచి రాయిస్తామని చెప్పేవాడు, విమానాశ్రయంలో "పుషింగ్" చేయిస్తామని చెప్పేవాడు ముంచేవాడే. అనుమతి ఉన్న ఏజెంట్ల పేర్లు ప్రభుత్వం వారి ఈ-మైగ్రేట్‌లో ఉంటాయి. పల్లెలో చదువుకునే పిల్లల చేత ఫోన్‌లో వెతికించవచ్చు. ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30 వేలు, పన్ను అదనం. అంతకు మించి అడిగితే చట్టం ఒప్పదు.

కువైటులో ఇంటి పనివాళ్ళకు 2015లో చట్టం వచ్చింది. వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలి. పని రోజుకు 12 గంటలు దాటకూడదు. పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదు. చట్టం ఉన్నా దాచుకునేవాళ్ళు ఉన్నారు. అందుకే పాస్‌పోర్టుకు, వీసాకు నకళ్ళు తీసి ఇంట్లో ఒకటి, పెట్టెలో ఒకటి ఉంచాలి. పాస్‌పోర్టు నంబరులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. దాన్ని మన పిల్లల పేర్లలాగా నోటికి నేర్చుకోవాలి.

అక్కడ ఇంటి చిరునామా నాలుగు మాటల్లో ఉంటుంది. ముందు పేట పేరు, తరవాత బ్లాకు నంబరు, వీధి నంబరు, ఇంటి నంబరు. చేరిన వారంలోపు ఈ నాలుగూ ఇంటికి చెప్పాలి. ఫోన్ వచ్చినప్పుడు ఇక్కడివాళ్ళు "తిన్నావా, బాగున్నావా" అని అడుగుతారు. డబ్బులు ఎప్పుడు పంపిస్తావని కూడా అడుగుతారు. దానికి ముందే "బ్లాకు ఎంత? వీధి ఎంత?" అని అడిగి నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఇక్కడ రాత్రి పదిన్నర అయితే అక్కడ ఎనిమిది. ఆ వేళకు ఆమె ఇంకా అంట్ల దగ్గర ఉండవచ్చు. ఫోన్ ఎత్తకపోతే కంగారు పడవద్దు. మరునాడు ఇంకొంచెం ఆలస్యంగా చేయండి.