తేనె పెట్టె మన చేతులతోనే
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో మా గ్రామ సంఘం తరపున చేసిన ప్రసంగం)



మాది అరకు లోయలో కాఫీ తోటల ఊరు. చలికాలం మొదట్లో చేలన్నీ వలిస పూలతో పసుపు ఆరబోసినట్టు ఉంటాయి. వేసవి మొదట్లో వాన పడితే కాఫీ పూస్తుంది. పూలకు కొదవ లేదు. అయినా మా ఊళ్లో తేనె తీయడమంటే నిప్పు పెట్టి, పట్టంతా కోసి, పిల్ల పురుగులతో సహా పిండడమే. ఈగలు చచ్చిపోయేవి.

ఇది మార్చాలని మా సంఘంలో పది మందిమి అప్పు తీసుకుని పెట్టెలు కొన్నాం. అమ్మినవాళ్లు పచ్చి చెక్కతో చేసినవి ఇచ్చారు. వానకు ఉబ్బాయి, ఎండకు వంకర పోయాయి, ఫ్రేములు బిగుసుకుపోయాయి. ఈగలు లేచిపోయాయి, వాయిదాలు మాత్రం మిగిలాయి. అవన్నీ కూలి డబ్బులతో కట్టాం. అప్పుడే అనుకున్నాం, ఇక పెట్టె మనమే చేసుకోవాలని. రంపం పట్టడం ఆడవాళ్ల పనా అన్నారు కొందరు. కొడవలి పట్టిన చేతికి రంపం బరువా? ఊరి వడ్రంగి దగ్గర కోయడం, చిత్రిక పట్టడం నేర్చుకున్నాం.

ముందు ఈగ సంగతి చెప్తాం. బండలకు, పెద్ద కొమ్మలకు ఒకే పెద్ద పట్టు పెట్టే కొండ తేనెటీగ పెట్టెలో ఉండదు. చెట్టు తొర్రలో, పుట్టలో, చీకట్లో వరుసగా చాలా పట్లు పెట్టే పుట్ట తేనెటీగే పెట్టెలో ఉంటుంది. పెట్టె అంటే దానికి మనం కట్టిచ్చే తొర్ర.

పెట్టెలో అడుగు పలక, దాని మీద పిల్లల గది, ఆపైన తేనె గది, మూత ఉంటాయి. గదుల్లో ఫ్రేములు వేలాడతాయి. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య, ఫ్రేముకీ గోడకీ మధ్య 8 మిల్లీమీటర్ల సందు ఉండాలి. సందు తగ్గితే ఈగ తిరగలేదు. ఎక్కువైతే అక్కడ అడ్డంగా పట్టు కడుతుంది, ఫ్రేము పైకి రాదు. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే ఆయన ఈ సందు కిటుకు కనిపెట్టాకే ఫ్రేముల పెట్టె కుదిరింది. మేము 8 మిల్లీమీటర్ల మందం బద్ద ఒకటి చెక్కి పెట్టుకున్నాం. చదువు రాని అక్క కూడా ఆ బద్ద సందులో పెట్టి సరిచూస్తుంది.

చెక్క బాగా ఎండాలి. పురుగుమందు వాసన ఉండకూడదు. రంగు బయటే వేయాలి, లోపల వద్దు. వాకిలి సన్నగా ఉండాలి, లేకపోతే కందిరీగలు దూరతాయి. ఫ్రేము పై బద్ద కింద కరిగించిన మైనం గీతలా పూస్తే పట్టు తిన్నగా కడతాయి. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు. తొర్రలోంచి తెచ్చేటప్పుడు పిల్లల పట్టును ఫ్రేముకు అరటి నారతో కట్టాలి. రాణి ఈగ పెట్టెలోకి వచ్చిందో లేదో చూసుకోవాలి, ఆమె లేకపోతే ఎవరూ నిలవరు.

తేనె పై గదిలోదే తీయాలి. కింది గది పిల్లలది, దాన్ని ముట్టుకోవద్దు. పూలు లేని వానాకాలానికి కొంత తేనె ఈగలకే వదలాలి. మంచి పూత ఉన్న చోట ఈ ఈగ ఏడాదికి ఐదు నుంచి పది కిలోల తేనె ఇస్తుంది. ఇంతకు మూడింతలు వస్తుందని ఎవరైనా చెప్పి పెట్టెలు అమ్మితే నమ్మవద్దు. అయితే ఇంకో లాభముంది. వలిసెకు ఈగ వాలితేనే గింజ బాగా పడుతుంది.

మేము ఒక్కొక్కరం ఒక్క పెట్టెతో మొదలుపెట్టాం. అందులో ఈగలు నిలిచాకే రెండోది చేశాం. దీనికి అప్పు చేయలేదు. మీరూ అలాగే చేయండి. పది పెట్టెలకు అప్పు రాసుకునే ముందు ఒక్క పెట్టెలో ఈగలు ఒక ఏడాది నిలవాలి.

సమాఖ్యకు మా మనవి ఒక్కటే. ఇకపై సభ్యుల కోసం పెట్టెలు కొంటే, డబ్బు ఇచ్చే ముందు మూత తీసి ఆ బద్ద పెట్టి చూడండి. బద్ద ఆడని పెట్టె వెనక్కి పంపండి. కొలత బద్ద, నమూనా ఫ్రేము మా గ్రామ సంఘం ఆఫీసులో ఉన్నాయి. ఎండిన చెక్క తెచ్చుకోండి, దగ్గరుండి నేర్పుతాం.