గాజు పాత్రలో ఆవు అండము
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో పశువు మంచి చెడ్డలు ఎరుగని వారుండరు. అయినను నేడు నేను చెప్పదలచినది మీ కంటికి ఆనని వస్తువును గూర్చి. అది ఆవు అండము. దాని అడ్డుకొలత మిల్లీమీటరులో ఇంచుమించు ఎనిమిదవ వంతు.

మేలుజాతి ఆవు ఏడాదికొక దూడను ఈనుటయే గొప్ప. అందుచేత దాని అండాశయము నుండి సూదితో అండములను గ్రహించి, ప్రయోగశాలలో ఫలింపజేసి, ఆ పిండములను ఇతర ఆవుల గర్భములలో ఉంచు పద్ధతి వచ్చినది. ప్రయోగశాలలో ఫలించిన అండము నుండి 1990లో కర్నాలులోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో 'ప్రథమ్' అను గేదె దూడ జన్మించినది. మన ఒంగోలు పశువుల సంతతియైన నెలోరు జాతిని బ్రెజిలు వారు ఈ విధముగనే విస్తారముగా వృద్ధి చేయుచున్నారు. మన సొత్తును వారు మనకంటె ముందుగా గుర్తించిరి!

సూదితో తీసిన అండము పచ్చికాయ వంటిది. దానిని 38.5 డిగ్రీల వెచ్చదనమున, పోషక ద్రవములో, ఒక దినము పాటు ఉంచి పక్వము చేయుదురు. ఆ 24 గంటలలో అండము కొత్త మాంసకృత్తులను తయారు చేసికొనవలెను. శాస్త్రజ్ఞులు ఆ తయారీని ఆపు మందును ద్రవములో కలిపి చూచిరి. ఎలుక అండములో కేంద్రకపు పొర యథాప్రకారము కరగినది. ఆవు అండములో కరగలేదు, పక్వత మొదటి మెట్టుననే ఆగిపోయినది. ఎలుక అండమునకు ఆ మెట్టు దాటుటకు వలయు సరుకు ముందే సిద్ధముగా నుండును. ఆవు అండము అప్పటికప్పుడు వండుకొనవలెను.

ఆ వంటకు ఆజ్ఞలెచ్చటివి? మన మార్కాపురము పలకను తలచుకొనుడు. అండము అండాశయములో పెరుగు నెలలలోనే, పలకపై వ్రాసినట్లు, ఆజ్ఞలను ఆర్.ఎన్.ఏ. రూపమున వ్రాసి దాచుకొనును. పూర్తిగా పెరిగిన పిమ్మట కొత్త వ్రాత దాదాపు ఆగిపోవును. ఇక చదువుటయు, చదివినది కొంచెము కొంచెముగా తుడుచుటయునే. ఫలించిన పిదప పిండము 8 మొదలు 16 కణములగు దశ వరకును ముఖ్యముగా ఈ పాత వ్రాతయే ఆధారము.

ప్రయోగశాలలో పక్వము చేసిన అండములలో సాధారణముగా నూటికి 30, 40 మాత్రమే గర్భములో ఉంచదగిన పిండములగును. ద్రవములో హార్మోనులను, రక్తరసమును కలుపుదురు. అవి మేలు చేయును. కాని వ్రాయని పలకను ఎవరును చదివింపజాలరు.

దీనితో పంచాయతీకేమి పని అందురేమో. పని మేత దగ్గరను, నీడ దగ్గరను ఉన్నది. వైశాఖపు ఎండలో డస్సిన ఆవు ఆషాఢమున పచ్చిగడ్డి మేసి నిగనిగలాడవచ్చును. కాని అప్పుడు తీసిన అండము వేసవిలో పెరిగినది. ఎండ దెబ్బ తిన్న ఆవుల అండముల సత్తువ వారముల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి తగ్గియుండును. మన జాతి పశువులు సీమ పశువులకంటె వేడికి ఓర్చునవే. ఆ ఓర్పునకును హద్దు కలదు.

ఈ పద్ధతి వ్యయముతో కూడినది. అధిక సంఖ్యాకులకు కృత్రిమ గర్భధారణ సూదియే చాలును. ఊరంతయు దీనికై ఎగబడవలదు. అయితే మీ గ్రామమున ఎన్నదగిన ఒంగోలు ఆవు ఉండి, దాని అండములను తీయింపదలచినచో, తేదీ కోరుటకు మూడు నాలుగు నెలల ముందే దానికి జొన్న చొప్ప, పచ్చిమేత, ఖనిజ లవణముల ఏర్పాటును, తొట్టిలో నీటిని, చెట్టునీడను చూచుకొనుడు. పిండమును మోయబోవు ఆవులకును ఇదే జాగ్రత్త వలయును. ఆ ఆవు చూడి నిలువక పోయిన యెడల ఆ ఇంటివారికి పాడి కొన్ని నెలలు వెనుకబడును. ఆ సంగతిని వారికి ముందే విప్పి చెప్పి, వారి సమ్మతిని పొందిన పిదపనే పేర్లు పశువైద్యునికి పంపుడు.