కొల్లేటి గట్ల నుంచి గుంటుపల్లి కొండల మీదికి
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో మా గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వసూళ్ళ లెక్కలు ఇప్పటికే చదివారు. మేం చెప్పేది వేరే సంగతి. సంక్రాంతి వెళ్ళాక మా గ్రామ సంఘం నుంచి 22 మందిమి ఒక రోజంతా గుంటుపల్లి కొండల్లో నడిచి వచ్చాం. దాని మీద ఊళ్ళో రెండు మాటలు పుట్టాయి. ఒకటి, సంఘం డబ్బుతో షికార్లు తిరిగారని. రెండు, పొదుపు సంఘానికి కొండలతో ఏం పని అని. ఈ రెండింటికీ ఇక్కడే జవాబు చెప్పి, ఒక తీర్మానం అడగాలని వచ్చాం.

మొదటి మాటకు జవాబు చిన్నది. సంఘం సొమ్ము రూపాయి ముట్టలేదు. వ్యాను బాడుగ తలా కొంత వేసుకున్నాం. అన్నం ఎవరింట్లోది వాళ్ళు కట్టుకున్నాం. అసలు ఖర్చు ఆ రోజు కూలి. రొయ్యల షెడ్డుకు, చేపల చెరువుల మీదికి వెళ్ళేవాళ్ళకు పని మానితే డబ్బు రాదు. అది తెలిసే వచ్చారు. మనకు ఊరు దాటే పని ఏముంది? పెళ్ళి, ఆస్పత్రి, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర. ఎక్కడికెళ్ళినా పిల్లో ముసలో చేతిలో ఉంటారు. ఒట్టి చేతులతో నడిచిన రోజు మాలో చాలామందికి ఇదే మొదటిది.

ఇక రెండో మాట. మనది పల్లం. మనకు తెలిసిన ఎత్తంటే చెరువు గట్టు, రైలు కట్ట. 2022 ఏప్రిల్ 4న మనం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలో కలిశాం. ఆ నాటి నుంచి కామవరపుకోట మండలంలోని ఈ కొండలూ మన జిల్లావే. తెల్లారకుండా బయల్దేరి, కొల్లేరు దాటి, ఏలూరు దాటితే నేల రంగే మారిపోయింది. నల్లమట్టి పోయి ఎర్రమట్టి వచ్చింది. వరి, చెరువులు పోయి మామిడి, జీడిమామిడి, ఆయిల్‌పామ్ తోటలు వచ్చాయి.

కొండ దగ్గర ఒక్కటే కట్టుబాటు పెట్టుకున్నాం. అందరికంటే నెమ్మదిగా నడిచే ఆమె ముందు నడవాలి, మిగతావాళ్ళు ఆమె వెనక. మెట్లు, ఆ తర్వాత రాళ్ళ బాట, ఎండు గడ్డి, ముళ్ళ తుప్పలు. అక్కడ క్రీస్తు పూర్వం 2వ శతాబ్దం నాటి నుంచీ బౌద్ధ భిక్షువులు ఉన్నారు. కొండను తొలిచి గదులు చేసుకున్నారు. వానాకాలం ఊళ్ళు తిరగకుండా ఒకచోట కలిసి ఉండడం వాళ్ళ నియమం. గుండ్రంగా తొలిచిన గుహ ఒకటుంది. లోపల తలెత్తి చూస్తే పూరింటి కప్పుకు వాసాలు వేసినట్టే రాతిలో చెక్కారు. మాతో వచ్చిన పెద్దమ్మ "ఇది మా అమ్మగారి లంకలో ఇల్లే" అంది. పైన ఇటుక కట్టడాలు, చిన్నా పెద్దా స్తూపాలు ఉన్నాయి.

పైన కూర్చుని పులిహోర తింటుంటే మాట నీళ్ళ మీదికి వెళ్ళింది. కొల్లేటికి నీళ్ళు తెచ్చే తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, బుడమేరు ఈ పైనున్న మెట్ట, కొండల వానతోనే నిండుతాయి. అన్నీ మన దగ్గర చేరితే సముద్రంలోకి పోయే దారి ఒక్క ఉప్పుటేరే. మన ఊళ్ళో చినుకు లేకపోయినా నీళ్ళెందుకు వస్తాయో మాలో కొందరికి అప్పుడు తెలిసింది. "ఇక్కడ రెండు రోజులు వాన పట్టిందంటే మనం బియ్యం బస్తాలు అటక మీద పెట్టుకోవాలన్నమాట" అంది ఒకామె. ఇప్పుడు మా సంఘంలో ఇద్దరు వానాకాలం రోజూ ఏలూరు, చింతలపూడి వైపు వాన కబురు కనుక్కుని అందరికీ ఫోన్‌లో చెప్పాలని ఒప్పందం చేసుకున్నాం.

ఇంకో సంగతి. ముందు నడిచిన చెల్లెలు ఇరవై మెట్లకు ఒకసారి కూర్చుంది. వయసు 40 లోపే. ఇంట్లో బిందె ఎత్తినా ఆయాసమేనని, ఏడాదిగా ఎవరికీ చెప్పలేదని ఆ మెట్ల మీద చెప్పింది. ప్రతి మీటింగుకీ వచ్చింది, ప్రతి వాయిదా కట్టింది, మినిట్స్ పుస్తకంలో ఆమె సంతకం తప్పలేదు. ఆయాసం రాసుకోవడానికి ఆ పుస్తకంలో గడి లేదు. మర్నాడు ఇద్దరం తోడు వెళ్ళి రక్తపరీక్ష చేయించాం. రక్తం బాగా తక్కువుందన్నారు. మందులు వాడుతోంది, ఇప్పుడు నయం.

ఇలాంటి మాటలు లెక్కల మీటింగులో రావు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు చదువు నేర్చుకోవడానికి కూర్చున్నచోటే సారా మాట వచ్చింది. అది రాష్ట్రమంతా కదిలించింది. కలిసి కూర్చుంటే, కలిసి నడిస్తే ఏ మాట బయటికొస్తుందో ముందుగా అజెండాలో రాయలేం.

అందుకని ఈ సభను మూడు అడుగుతున్నాం. ప్రతి గ్రామ సంఘం ఏడాదికి ఒక రోజు నడక రోజుగా పెట్టుకోవాలి. ఖర్చు సభ్యులదే, సంఘం నిధి ముట్టకూడదు, రాని వాళ్ళను ఎవరూ ఏమీ అనకూడదు. కొండ ఎక్కలేని వాళ్ళకు మన ఆటపాక ఉంది. గూడబాతులను చూస్తూ గట్టు మీద నడవచ్చు. మూడోది, నడక అయ్యాక వచ్చే మీటింగులో వాయిదాల కంటే ముందు ఒంట్లో ఎలా ఉందో ఒక్కొక్కరినీ అడగాలి.

సరేననుకున్నవాళ్ళు చేతులెత్తండి. కాదన్నవాళ్ళు లేచి కారణం చెప్పండి, వింటాం. సెలవు.