విత్తనం ఎప్పుడేయాలో చెప్పిన మెసేజ్: కంపెనీలు, ఏఐ, మన చేను

ఈ ఎపిసోడ్ రామసముద్రంలో మా ఇంటి మిద్దె మీద రికార్డ్ చేస్తున్నాను. మధ్యలో కోడి కూస్తే ఏమీ అనుకోకండి, దాన్ని మ్యూట్ చేసే బటన్ నా దగ్గర లేదు.

చాలామంది అడుగుతున్నారు, ఈ పెద్ద పెద్ద కంపెనీలు ఏఐని బయట ప్రపంచంలో నిజంగా ఎలా వాడుతున్నాయి అని. పేపర్లో రోజూ చూస్తుంటాం కదా, ఫలానా కంపెనీ ఫలానా ప్రభుత్వంతో ఒప్పందం, ఇద్దరు నవ్వుతూ ఫైల్ పట్టుకుని ఫోటో. ఆ ఫోటో తర్వాత ఏం జరుగుతుంది? ఈ ప్రశ్నకి అమెరికా ఉదాహరణలు వెతకక్కర్లేదు. మన రాయలసీమలోనే ఒకటి ఉంది, కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో. అదీ శెనక్కాయ పంట మీద.

ముందు సమస్య చెప్తాను, ఊళ్ళో పెరగని వాళ్ళ కోసం. మా వైపు వానాధార శెనక్కాయ వేసేవాళ్ళకి సంవత్సరం మొత్తంలో అతి పెద్ద నిర్ణయం ఒక్కటే, విత్తనం ఏ రోజు వేయాలి అని. జూన్ మొదట్లో ఒక మంచి వాన పడుతుంది. ఊరంతా మడకలు, ట్రాక్టర్లు బయటికొస్తాయి. పక్కోడు వేస్తుంటే మనం ఊరికే కూర్చోలేం. ఎకరాకి అరవై డెబ్బై కిలోల గింజలు పోతాయి, అవి చాలాసార్లు అప్పు మీద తెచ్చినవే. వేసినాక మూడు వారాలు చినుకు లేదనుకోండి, మొలక ఎండిపోతుంది. మళ్ళీ విత్తనం, మళ్ళీ కూలీ, మళ్ళీ అప్పు. మా నాయన ఇది రెండు సార్లు చూశాడు. రెండోసారి మా అమ్మ కమ్మలు కుదువ పెట్టి గింజలు తెచ్చారు.

సో, 2016 ఖరీఫ్‌లో మైక్రోసాఫ్ట్, ఇక్రిశాట్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి దేవనకొండలో 175 మంది రైతులతో ఒక ప్రయోగం చేశాయి. రైతుకి కొత్త ఫోన్ ఇవ్వలేదు. చేన్లో సెన్సార్లు పాతలేదు. రైతు దగ్గర ఉన్న మామూలు బటన్ ఫోన్‌కి తెలుగులో ఎస్ఎంఎస్ పంపారు, అంతే. అందులో ముఖ్యమైన మాట, ఇప్పుడే విత్తొద్దు, కొంచెం ఆగండి అని. జూన్ మొదటి వారంలో వేసే అలవాటున్న చోట, జూన్ చివరి వారం దాకా ఆగమన్నారు.

ఒక్కసారి ఆలోచించండి. వాన పడింది, ఊరంతా విత్తుతోంది, ఒక మెసేజ్ వచ్చి ఆగమంటోంది. ఆగినవాళ్ళ గుండె ధైర్యానికి నిజంగా దండం పెట్టాలి.

లోపల ఏం జరిగిందో ఇంజనీర్‌గా నాకు ఇంట్రెస్ట్, కొంచెం చెప్పనివ్వండి. ఆ ప్రాంతం వాతావరణ లెక్కలు 1986 నుంచి 2015 దాకా, అంటే ముప్పై ఏళ్ళవి తీసుకున్నారు. వాటితో తేమ సరిపోతుందా లేదా అని చెప్పే ఒక సూచిక లెక్కగట్టారు. పంట దాహం ఎంత, నేల దానికి నిజంగా అందివ్వగలిగేది ఎంత, ఈ రెంటి నిష్పత్తి అన్నమాట. వాన ఎన్ని మిల్లీమీటర్లు పడింది అనేది ఒక్కటే చూస్తే మోసపోతాం. అదే వాన నల్లరేగడిలో వారం నిలుస్తుంది, మా ఎర్ర నేలలో మూడు రోజుల్లో ఆవిరైపోతుంది. రాబోయే రోజుల వాతావరణ అంచనా ఎవేర్ అనే అమెరికా కంపెనీ ఇచ్చింది. వీటన్నిటినీ మైక్రోసాఫ్ట్ తన క్లౌడ్ మీద పెట్టి, విత్తడానికి సరైన వారం ఏదో తేల్చింది.

ఫలితం? ఆ రైతులకి సగటున 30 శాతం దిగుబడి ఎక్కువ వచ్చిందని ప్రకటించారు. తర్వాతి ఏడాది, 2017 ఖరీఫ్‌లో, ఆంధ్రా, కర్ణాటక కలిపి మూడు వేల మందికి పైగా రైతులకి, వరి, రాగి, మొక్కజొన్న, పత్తి లాంటి పంటలకి కూడా పెంచారు. అప్పుడు పెరుగుదల పంటని బట్టి 10 నుంచి 30 శాతం అన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నేను కూడా ప్రెస్ నోట్ చదివినట్టే అవుతుంది. ఆ మెసేజ్‌ల్లో విత్తే తేదీ ఒక్కటే లేదు. భూసార పరీక్షని బట్టి ఎరువు ఎంత వేయాలి, విత్తన శుద్ధి ఎలా చేయాలి, ఎంత లోతులో వేయాలి, ఇవి కూడా ఉన్నాయి. కాబట్టి 30 శాతంలో ఏఐ వాటా ఎంత, విత్తన శుద్ధి వాటా ఎంత అని విడగొట్టి చూడకుండా, ఏఐ 30 శాతం పెంచింది అనేయడం కరెక్ట్ కాదు. పైగా ఒక మండలం, ఒక సీజన్, 175 మంది. లెక్క చెప్పింది కూడా ప్రాజెక్ట్ చేసినవాళ్ళే. అయినా నాకు ఇది నచ్చింది, ఎందుకంటే ఇక్కడ ఎవరి పని వాళ్ళు చేశారు. మైక్రోసాఫ్ట్‌కి శెనక్కాయ గురించి ఏం తెలుసు? ఇక్రిశాట్ 1972 నుంచి పటాన్‌చెరులో మెట్ట పంటల మీదే పని చేస్తోంది, శెనక్కాయ వాళ్ళ సొంత పంట లాంటిది. వాళ్ళ దగ్గర అంత పెద్ద కంప్యూటింగ్ లేదు. ప్రభుత్వానికి ఊరూరా మనుషులు ఉన్నారు. ముగ్గురిలో ఏ ఒక్కరూ ఒంటరిగా ఆ ఎస్ఎంఎస్ పంపలేరు.

ఒంటరిగా చేస్తే ఏమవుతుందో నాకు అనుభవం ఉంది. ఇది చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

బీటెక్ అయ్యాక బెంగళూరులో నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా చేశాను. ఆ టైమ్‌లో ఒక వీకెండ్ ప్రాజెక్ట్ పెట్టుకున్నా, టమోటా ఆకు ఫోటో తీస్తే తెగులు పేరు చెప్పే యాప్. ఇంటర్నెట్లో ప్లాంట్‌విలేజ్ అని ఫ్రీగా దొరికే డేటా ఉంది, 54 వేలకు పైగా ఆకుల ఫోటోలు, టమోటావి బోలెడు. మోడల్ ట్రెయిన్ చేశా. నా ల్యాప్‌టాప్‌లో 98 శాతం కరెక్ట్. నేనేదో కనిపెట్టేశాననుకుని శనివారం బస్సెక్కి ఊరికొచ్చా.

నాయన చేన్లో ఆకు ఫోటో తీశా. ఆకుమాడు తెగులు అనింది యాప్. ఇంకో ఆకు, అదే మాట. నాయన కొడుకు మీద నమ్మకంతో మందు తేవడానికి బండి తీశాడు. పక్క చేను మామ ఆపి, ఆ ఆకుని బొటనవేలితో అలా తుడిచాడు. మచ్చ పోయింది. ముందు రోజు వానకి ఎగిరిన ఎర్రమట్టి చుక్క అది! "ఏమప్పా ఇంజనీరూ, బురదకి కూడా మందుంటాదా?" అన్నాడు. ఇప్పటికీ నేను కనిపిస్తే అదే మాట.

తప్పు ఎక్కడంటే, ఆ డేటాలో ఫోటోలన్నీ ఆకుని తెంపి, ఒకే రంగు బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి తీసినవి. మట్టి లేదు, నీడ లేదు, పక్క ఆకు లేదు. ఈ సంగతి నాకంటే ముందే రాసిపెట్టి ఉంది. ఆ డేటా మీద 2016లో వచ్చిన పేపర్లోనే, 99.35 శాతం వచ్చిన మోడల్, వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు ఇస్తే దాదాపు 31 శాతానికి పడిపోయిందని రాశారు. నేను మొదటి నంబర్ చదివి, రెండో నంబర్ చదవలేదు. అంతే కథ. అదే పనిని ప్లాంటిక్స్ యాప్ చేసిన జర్మనీ వాళ్ళు ఎలా చేశారు? 2017లో ఇక్రిశాట్‌తో, మన ఎన్.జి. రంగా వ్యవసాయ యూనివర్సిటీతో కలిసి తెలుగులో తెచ్చారు. మన చేలల్లో ఆకు చూసి ఇది మట్టి, ఇది తెగులు అని చెప్పగలిగే నిపుణులు వాళ్ళకి దొరికారు. నాకు దొరికింది మామ బొటనవేలు, అదీ లేటుగా.

సరే, ఇంత బాగుంటే ఇంక గొడవేముంది అంటారా? దానికి మనకి దగ్గర్లోని కుప్పం వెళ్ళాలి, అదీ 2002కి. అప్పటికి ఏఐ మాట ఎవరి నోటా లేదు. హెచ్‌పీ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అని మొదలుపెట్టింది. ఊళ్ళలో సమాచార కేంద్రాలు, కంప్యూటర్లతో తిరిగే వ్యాన్, పొదుపు సంఘాల ఆడవాళ్ళకి డిజిటల్ కెమెరా, సోలార్‌తో నడిచే చిన్న ప్రింటర్. వాళ్ళు ఊళ్ళలో ఫోటోలు తీసి, అక్కడికక్కడే ప్రింట్ ఇచ్చి సంపాదించుకున్నారు. నిజంగా మంచి ఐడియా. హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో కూడా దీని గురించి వచ్చింది. కానీ అది మూడేళ్ళ ప్రాజెక్ట్. కంపెనీకి మూడేళ్ళంటే ఒక ప్లాన్. ఊరికి మూడేళ్ళంటే ఇప్పుడిప్పుడే అలవాటైన టైమ్. ప్రింటర్ చెడిపోతే ఎవరు బాగుచేస్తారు, ఇంకు ఎవరు కొంటారు అనేది ప్రారంభోత్సవం రోజు ఎవరూ మాట్లాడరు.

ఏఐతో ఈ సమస్య ఇంకా ఎక్కువ. ప్రింటర్ చెడిపోతే కనీసం ఆగిపోతుంది, మనకి తెలుస్తుంది. మోడల్ చెడిపోతే ఆగదు. పాత లెక్కలతోనే, అదే ధీమాతో, సమాధానం చెప్తూనే ఉంటుంది. వానల తీరు మారుతుంటే ప్రతి ఏటా దాన్ని చూసుకునే మనిషి ఉండాలి.

తెలంగాణలో ఖమ్మం మిర్చి రైతులతో చేసిన సాగు బాగు కొంచెం ముందడుగు వేసిందని నా అభిప్రాయం. ప్రభుత్వం, వరల్డ్ ఎకనామిక్ ఫోరమ్, డిజిటల్ గ్రీన్ సంస్థ, వాళ్ళతో స్టార్టప్‌లు. ఏడు వేల మంది రైతులు. ఎకరాకి దిగుబడి 21 శాతం పెరిగింది, పురుగుమందు 9 శాతం తగ్గింది అని ఫోరమ్ ప్రకటించింది. నాకు నచ్చింది ఇంకో నంబర్, ధర 8 శాతం పెరగడం. ఎందుకంటే వాళ్ళు పంట దగ్గర ఆగలేదు, మిర్చి నాణ్యతని మెషిన్‌తో పరీక్షించి, కొనేవాళ్ళతో కలిపే దాకా వెళ్ళారు. మదనపల్లె టమోటా యార్డు తెలిసినవాళ్ళకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. 2023 జూలైలో కిలో రెండు వందల దగ్గరికి పోయిన అదే కాయ, ఇంకో నెలలో రోడ్డు పక్కన పారబోసిన రోజులూ చూశాం. మా నాయనకి కావాల్సింది ఆకు తెగులు యాప్ కాదు, రేపు యార్డుకి బాక్సులు తోలాలా వద్దా అని చెప్పేది.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఒప్పందాలన్నిట్లో పార్ట్‌నర్స్ లిస్ట్ చూడండి. కంపెనీ టెక్నాలజీ తెచ్చింది, ఇన్‌స్టిట్యూట్ సైన్స్ తెచ్చింది, ప్రభుత్వం మనుషుల్ని తెచ్చింది. విత్తనం, భూమి, సంవత్సరం కష్టం తెచ్చినవాడు ఎవరు? వాడి పేరు లబ్ధిదారు అనే కాలమ్‌లో ఉంటుంది. దేవనకొండలో ఆ మెసేజ్ తప్పయి ఉంటే మైక్రోసాఫ్ట్‌కి పోయేది ఒక పైలట్ ప్రాజెక్ట్, ఇక్రిశాట్‌కి పోయేది ఒక రిపోర్ట్. ఆ 175 మందికి పోయేది ఆ ఏటి తిండి. రిస్క్ మొత్తం ఒకరిది, సంతకం మాత్రం మిగతావాళ్ళది. నేను ఏఐకి వ్యతిరేకం కాదు, నా అన్నం అదే పెట్టింది. కానీ పెట్టుబడి పెట్టినవాడిని పార్ట్‌నర్ అంటారు. ఆ లెక్కన రైతు పార్ట్‌నరే. సలహా తప్పయితే విత్తనం ఖర్చు ఎవరు భరిస్తారు అనేది ఒప్పందంలో ఒక లైన్‌గా రాయడానికి పెద్ద టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు.

ఈ ఎపిసోడ్‌కి ప్రిపేర్ అవుతూ దేవనకొండ కథంతా నాయనకి చెప్పాను. మొత్తం విన్నాడు. ముప్పై శాతం గురించి ఏమీ అడగలేదు. "ఆ మెసేజ్ వచ్చిన నంబరుకి మనం తిరిగి ఫోన్ చేస్తే ఎత్తుతారా?" అన్నాడు. అలాంటి మెసేజ్‌లకి కాల్ పోదు నాయనా అన్నాను. "అయితే తప్పు చెప్పినప్పుడు ఎవురికి చెప్పుకోవాల?" అని తువ్వాలు భుజాన వేసుకుని చేను దారి పట్టాడు.

వచ్చే ఎపిసోడ్ మదనపల్లె యార్డు నుంచే. వేలంలో ఒక బాక్స్ ధర ఎలా తేలుతుంది, కెమెరాతో గ్రేడింగ్ అక్కడ పనికొస్తుందా లేదా, మండీ వాళ్ళనీ, రైతులనీ ఇద్దరినీ కూర్చోబెట్టి అడుగుదాం. తెల్లవారుజామున వెళ్ళాలి, నాతో పాటు నాయన కూడా వస్తానన్నాడు. ఉంటాను మరి.