కారణం గడి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కూడుతున్నాం. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షన్ అనేది దయతలచి ఇచ్చే సొమ్ము కాదు, ఉద్యోగి హక్కు అన్నది. డి.ఏ. బకాయిల సంగతి మాట్లాడడానికి నాకంటే సమర్థులు ఇక్కడ ఉన్నారు. కార్యదర్శి గారు నన్ను మాత్రం సర్వీసులో మరపురాని సంఘటన ఒకటి చెప్పమన్నారు. ఏదో సన్మానం సంగతి చెబుతానని వారు అనుకొని ఉంటారు. నేను చెప్పబోయేది నేను చేసిన తప్పు.

నేను 1974లో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. అందులో చాలాకాలం నా సీటుకు ఫ్యాక్టరీ ప్రమాదాల ఫైళ్లు వచ్చేవి. ఏ ఆఫీసు, ఏ మిల్లు అని పేర్లు చెప్పను. ఇప్పుడు చెప్పి సాధించేది కూడా లేదు. నేను ఏనాడూ యంత్రం నడపలేదు. యంత్రంలో చేతులు పోగొట్టుకున్నవారి కాగితాలు మాత్రం వందలకొద్దీ చూసినాను.

ఆ కాలంలో పద్ధతి ఇది. దెబ్బ తగిలిన కార్మికుడు 48 గంటలో, అంతకు మించో పనికి రాలేకపోతే, మిల్లు యాజమాన్యం ఒక ఫారం నింపి పంపాలి. పేరు, వయసు, తేదీ, వేళ, ఏ అవయవానికి దెబ్బ, చివరకు కారణం. ప్రతిదానికీ ఒక గడి. ఆ కారణం గడిలో నూటికి తొంభై ఫారాల్లో ఒకే మాట ఉండేది. ‘డ్యూ టు హిజ్ ఓన్ నెగ్లిజెన్స్’. అంటే తన అజాగ్రత్త వల్లనే అని. మిల్లువారు రాసింది నేను రిజిస్టరులోకి ఎక్కించేవాణ్ణి. పైకి పంపే రిపోర్టులోనూ అదే టైపు కొట్టేవాణ్ణి. ఎంత అలవాటయిందంటే, టైపు మిషన్ మీద ఆ మాటను కళ్లు మూసుకొని కొట్టగలిగేవాణ్ణి.

1978లో, పత్తి సీజనులో, ప్రొద్దుటూరు ప్రాంతంలోని ఒక జిన్నింగు మిల్లు నుంచి అటువంటి ఫారమే వచ్చింది. మన ఊరి జిన్నింగు మిల్లులు ఈ సభలో చాలామంది చూసినవారే. ఒక మోటారు, దానికి పొడుగాటి ఇరుసు, ఆ ఇరుసు మీది నుంచి ఒక్కొక్క మిషనుకు ఒక్కొక్క బెల్టు. బెల్టు జారితే మళ్లీ ఎక్కించాలి. మోటారు ఆపితే వరస మొత్తం ఆగుతుంది. మేస్త్రీ అరుస్తాడు. అందుకని తిరుగుతుండగానే ఎక్కించేవారు. ఇరవై ఏళ్లు నిండని ఒక కుర్రవాడు అట్లాగే ఎక్కించబోయినాడు. భుజం మీది తుండు బెల్టుకు చుట్టుకొని చెయ్యి లోపలికి లాగింది. కుడిచేతి నాలుగు వేళ్లు పోయినాయి. ‘భుజాన తుండు వేసుకొని పని చేసినందున, తన అజాగ్రత్త వల్లనే’ అని ఫారంలో రాసినారు. నేనూ ఎక్కించినాను.

ఎండాకాలంలో ఆ పిల్లవాడిని వెంటబెట్టుకొని వాళ్ల అమ్మ మా ఆఫీసుకు వచ్చింది. నా టేబులు దగ్గర నిలబడి అడిగింది.

“సామీ, నా బిడ్డదే తప్పని మీ బుక్కులో రాసినారంట గదా? అందుకని ఇంక మాకేమీ రాదంట గదా? మిల్లు గుమాస్తా చెప్పినాడు.”

నేను తలెత్తి ఆ పిల్లవాడి చెయ్యి చూసినాను. తర్వాత, “సార్ క్యాంపులో ఉన్నారమ్మా, సోమవారం రండి” అన్నాను. అది మనందరికీ అలవాటైన మాటే. వాళ్లు ఒక రోజు కూలి పోగొట్టుకొని వచ్చినవారు. మళ్లీ రాలేదు.

మరుసటి సంవత్సరం డిపార్టుమెంటల్ పరీక్షకు చదువుతూ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తెరిచాను. 22వ సెక్షను దగ్గర ఆగిపోయినాను. కదులుతున్న యంత్రం దగ్గర బెల్టు ఎక్కించడం వంటి పని తప్పనిసరైతే, దానికి ప్రత్యేకంగా శిక్షణ పొందిన కార్మికుడే ఉండాలి. అతని పేరు రిజిస్టరులో ఉండాలి. అతను బిగుతు దుస్తులు వేసుకోవాలి. ఆ దుస్తులు యజమానే ఇవ్వాలి. అంటే ఆ పిల్లవాడి తుండు గురించి చట్టం అడిగే ప్రశ్న వేరు. వాడికి బిగుతు చొక్కా ఎందుకు ఇవ్వలేదని అది అడుగుతుంది. మేము ఎందుకు తుండు వేసుకున్నావని అడిగినాము.

అక్కడితో అయిపోలేదు. 1923 నాటి నష్టపరిహార చట్టం కూడా చదివాను. తాగి పని చేస్తేనో, భద్రత కోసం ఇచ్చిన ఉత్తర్వును కావాలని ధిక్కరిస్తేనో, రక్షణ పరికరాన్ని కావాలని తీసివేస్తేనో పరిహారానికి అడ్డు వస్తుంది. వట్టి అజాగ్రత్త అడ్డు రాదు. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50 శాతం వైకల్యమని ఆ చట్టం పట్టికలోనే ఉంది. గుమాస్తా చెప్పింది అబద్ధం. ఆమె నన్ను అడిగిన ప్రశ్నకు ఆ రోజు కావలసిన జవాబు “వస్తుందమ్మా” అన్న ఒక్క మాట.

దావా వేయడానికి గడువు రెండేళ్లు. నేను చదివేనాటికి ఇంకా నాలుగు నెలలుంది. ఫైలులో వాళ్ల ఊరి పేరు ఉంది. ఒక కార్డు ముక్క రాసినా సరిపోయేది. సర్కారు నౌకరికి ఎందుకొచ్చిన గొడవ అనుకొని రాయలేదు. గడువు దాటింది. ఆ పిల్లవాణ్ణి మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత నేను మారినాను. ఇన్‌స్పెక్టరు అధికారం గుమాస్తాకు ఉండదు గానీ, వివరం కోరుతూ మెమో పెట్టే అధికారం ఉంటుంది. అజాగ్రత్త అని వచ్చిన ప్రతి ఫారం మీదా అడగడం మొదలుపెట్టినాను. యంత్రానికి కంచె ఉన్నదా? పనిలో శిక్షణ ఇచ్చినారా? యంత్రం ఎందుకు ఆపలేదు? మా సూపరింటెండెంటు, “ఏమయ్యా, నీవేమన్నా ఇన్‌స్పెక్టరువా?” అని అందరిలో మందలించినారు. అయినా మెమోలు పోయినాయి. కొన్నింటికి జవాబే రాలేదు. ఒక మిల్లు నుంచి మాత్రం ఇరుసుకు ఇనుప జల్లెడ బిగించినామని జవాబు వచ్చింది. ముప్పై అయిదేళ్ల సర్వీసులో నేను సంతోషంగా ఫైలు చేసిన కాగితం అదే.

జమ్మలమడుగు వైపు నాపరాళ్ల పాలిష్ పనులు, పులివెందుల వైపు ముగ్గురాయి మిల్లులు, ఒకప్పటి రాతినార గనులు మీకు తెలుసు. అక్కడ ప్రమాదానికి తేదీ, వేళ ఉండవు. దుమ్ము రోజుకింత లోపలికి పోతుంది. బండ కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్లు పడుతూ ఉంటే దుమ్ము అణుగుతుంది. నీళ్లు ఆగితే లేస్తుంది. సిలికోసిస్, ఆస్‌బెస్టాసిస్ రెండూ ఆ ఫ్యాక్టరీల చట్టంలో తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో ఉన్నవే. అయినా పదేళ్లకో ఇరవై ఏళ్లకో దగ్గు మొదలయితే బీడీల వల్ల అంటారు. రాతినార కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 1995 జనవరిలో చెప్పిన తీర్పు అందుకే ముఖ్యం. ఉద్యోగంలో చేరినది మొదలు 40 ఏళ్లు, లేక పని మానిన తర్వాత 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు కార్మికుని ఆరోగ్య రికార్డు భద్రపరచాలని ఆదేశించింది. రిటైరైన తర్వాత బయటపడే జబ్బు కూడా ఉద్యోగం తాలూకుదే కావచ్చునని కోర్టుకు తెలుసు.

పెద్ద దుర్ఘటనల్లోనూ ఇదే కథ. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి భోపాల్‌లో విషవాయువు వేలమందిని చంపింది. ట్యాంకును చల్లబరిచే యంత్రాన్ని అప్పటికే ఆపివేశారు. వాయువును మండించే గొట్టం మరమ్మతులో ఉంది. కంపెనీ మాత్రం ఎవరో ఒక కార్మికుడు కక్షతో ట్యాంకులోకి నీళ్లు వదిలినాడని వాదించింది. 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడినప్పుడు, ప్రభుత్వం వేసిన కమిటీ చల్లబరిచే ఏర్పాటు చాలకపోవడాన్ని, సైరను మోగించకపోవడాన్ని ఎత్తి చూపింది. యంత్రం తప్పు వెదకాలంటే విచారణ కావాలి. మనిషి తప్పు రాయాలంటే ఒక్క వాక్యం చాలు.

కార్మికులు తప్పు చేయరని నేను అనను. అలసిన మనిషి తప్పు చేస్తాడు. చేస్తాడని తెలిసే చట్టం కంచె కట్టమన్నది.

ఇదంతా పెన్షనర్ల సభలో ఎందుకంటారా? మనకు కాగితం సంగతి తెలుసు. మన వీధిలోనో, బంధువుల్లోనో ఫ్యాక్టరీలకు, మిల్లులకు పోయే పిల్లలున్నారు. వారికి దెబ్బ తగిలితే చూడబోయి పండ్లు ఇచ్చి వస్తాం. ఇకనుంచి ఇంకొక పని కూడా చేద్దాం. ఆసుపత్రి మొదటి చీటీ, జీతం చీటీ, ఇ.ఎస్.ఐ., పి.ఎఫ్. కాగితాలు ఒకచోట పెట్టించాలి. ప్రమాద రిపోర్టులో కారణం ఏమని రాసినారో అడగాలి. ప్రభుత్వ కార్యాలయంలో ఉన్న నకలు కోసం 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ రాసిపెట్టాలి. 2025 నవంబరు 21 నుంచి పాత చట్టాల స్థానంలో కొత్త కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చినాయి. నేను చెప్పిన సెక్షన్లు నా సర్వీసు నాటివి గనుక, ఇప్పటి గడువు ఎంతో ముందుగా తెలిసినవారిని విచారించాలి.

మన పెన్షన్ దయ కాదు, హక్కు అని గర్వంగా చెప్పుకుంటాం. పోయిన వేళ్లకు వచ్చే పరిహారమూ అంతే. ఆ మాట ఒక తల్లికి చెప్పవలసిన రోజున నేను చెప్పలేదు. ఈ రోజు మీకు చెబుతున్నాను. ఎవరైనా మీ గడప తొక్కి అడిగితే, దయచేసి వారిని సోమవారం రమ్మనకండి.