నెట్టు మాటలు నేతవాళ్ల లెక్కలో

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నేను చదివింది ఎనిమిదో తరగతే. అయినా ఈ నెట్టు మాటలు మనవాళ్లకి తెలియాలని నాలుగు ముక్కలు చెబుతాను. ఇవాళ హైదరాబాదులో ఒకావిడకి చేనేత చీర కావాలంటే ముందు ఫోన్లో వెతుకుతున్నారు. అక్కడ మనం కనబడకపోతే, మరమగ్గం చీరని చేనేత అని అమ్మేవాడు కనబడతాడు.

ఇంటర్నెట్ అంటే ప్రపంచంలో కంప్యూటర్లని, ఫోన్లని కలిపిన దారి. వెబ్ అంటే ఆ దారిన మనకందే పేజీలు. దారం వేరు, గుడ్డ వేరు కదా, అలాగన్నమాట. 1989లో టిమ్ బెర్నర్స్ లీ గారు ఈ వెబ్ ఆలోచన చేశారు. ఇంగ్లీషులో వెబ్ అన్న మాటకి పాత అర్థం నేసిన గుడ్డే. తర్వాత సాలెగూడు అయ్యింది. మనకీ సాలె అంటే నేతగాడు. కాబట్టి ఇది మనకి పరాయి మాట కాదండీ.

బ్రౌజర్ అంటే పేజీ తెరిచి చూపించేది, క్రోమ్ లాంటిది. సెర్చ్ ఇంజన్ అంటే వెతికిపెట్టేది, గూగుల్ లాంటిది. లింకు అంటే నొక్కితే ఇంకో పేజీకి తీసుకెళ్లేది.

మనం అడిగినప్పుడు సెర్చ్ ఇంజన్ ప్రపంచమంతా తిరగదు. ముందే పేజీలు చదివి రిజిస్టరు రాసి పెట్టుకుంటుంది. దాన్ని ఇండెక్స్ అంటారు. సంఘంలో ఫలానా చీర ఉందా అంటే మనం స్టాకు రిజిస్టరు చూస్తాం. రిజిస్టరుకి ఎక్కని చీర బీరువాలో ఉన్నా లేనట్టే. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన ఫొటో ఆ రిజిస్టరుకి ఎక్కదు. గూగుల్ మ్యాప్‌లో సంఘం పేరు, ఫొటోలు పెడితే వెతికేవాళ్లకి కనబడే వీలుంటుంది. దానికి డబ్బు కట్టక్కర్లేదు.

కీవర్డ్ అంటే వెతికేవాళ్లు కొట్టే మాట. ఫొటో కింద "సూపర్ శారీ" అని రాస్తే ఏం లాభం? చేనేత, నూలు, కౌంటు, పొడవు, జాకెట్టు ముక్క, యానాం అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. ఉన్నదే రాయండి. ఉప్పాడ జాందానీకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరు వాళ్లది, మనం అరువు తెచ్చుకోకూడదు. మన పేరుకి మనమే విలువ తేవాలి.

పైన "స్పాన్సర్డ్" అని ఉంటే అది డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటన. పైన ఉన్నంత మాత్రాన మంచి సరుకని కాదు.

ఇంకొక్క మాట, ఇది ముఖ్యం. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు సెర్చ్‌లో వెతక్కండి, దొంగ నంబర్లుంటాయి. పాసుపుస్తకం మీదో, ఏటీఎం కార్డు వెనకో చూసుకోండి. చీర కొంటాం, డబ్బు పంపుతాం, పిన్ కొట్టండి అన్నారంటే అది మోసం. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఈ రాత్రి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మీ సంఘం పేరు వెతికి చూడండి. రాకపోతే రేపే ఆ పని మొదలెడదాం.